అమ్మకు చూపు తిరిగొచ్చింది: ఏ సినిమాతో మొదలుపెట్టమంటారు?

అయ్యకోనేరు గట్టు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 74 ఏళ్ళు. ఐదారేళ్ళుగా రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి, మనిషి ఎదురుగా నిలబడినా గొంతును బట్టి పోల్చుకునే స్థితికి వచ్చింది. ఆపరేషన్ అంటే భయం. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. చివరికి సంక్రాంతికి ముందు ఒక కన్ను, గత నెలలో రెండోది చేయించాం. కట్టు విప్పిన రోజు నన్ను చూసి, "నీకు ఇంత జుట్టు ఎప్పుడు నెరిసింది రా?" అని నా తల నిమిరింది.

ఇన్నేళ్ళూ అమ్మ టీవీ ముందు కూర్చుని సినిమాలు వింది. పాతవాటితో ఇబ్బంది లేదు, బొమ్మంతా ఆమె మనసులోనే ఉంది. మాట వినిపిస్తే చాలు, ఆ సమయంలో సావిత్రి కళ్ళు ఎటు తిరిగాయో కూడా చెప్పేది. కొత్తవి మాత్రం పది నిమిషాలు విని లేచిపోయేది. "ఎవరు ఎవరిని కొడుతున్నారో చప్పుడును బట్టి ఎలా తెలుస్తుంది?" అనేది.

పన్నెండేళ్ళప్పుడు భోగాపురం దగ్గరి పల్లె నుంచి ఇంటిల్లిపాదీ ఎడ్లబండి కట్టుకుని విజయనగరం వచ్చి లవకుశ చూశారట. 1963 నాటి మాట. తెర మీద రంగులు చూడటం అదే మొదలు. ఆ ప్రయాణం సంగతి మాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

ఇక నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఒక సినిమా, మధ్యలో కళ్ళకు కాస్త విశ్రాంతి అనుకున్నాం. మా ఆవిడ పాతవే చూపించమంటుంది. మా అమ్మాయి కొత్తవి అంటోంది. మీ మనసుకు పట్టినవి చెప్పండి, ఎందుకు పట్టాయో కూడా రాయండి.

మూడు లాంతర్లు (విజయనగరం)

ముందుగా అమ్మగారికి నమస్కారాలు. నా ఓటు మీ అమ్మాయికే. పాతవి ఆమెకు కంఠతా వచ్చు. ఈ ఆరేళ్ళలో పోయినవి కొత్త సినిమాలే కదా, వాటిని ఆమెకు ఇవ్వండి. మహానటితో మొదలుపెడితే బాగుంటుంది. అది సావిత్రి కథ, తీసింది 2018లో. పాతకూ కొత్తకూ మధ్య వంతెనలా ఉంటుంది. ఆ తరువాత సీతారామం.

ఒక చిన్న సలహా. కొత్త సినిమాల్లో మాటలు సరిగా వినిపించకపోవడానికి సగం కారణం మన టీవీలే. థియేటర్లో చుట్టూ అమర్చిన స్పీకర్ల కోసం కూర్చిన శబ్దాన్ని టీవీలోని రెండు చిన్న స్పీకర్లలో నుంచి పంపితే, మాట అణిగిపోయి సంగీతం పైకి లేస్తుంది. శబ్దం సెట్టింగుల్లోకి వెళ్ళి స్టీరియో అని పెట్టండి. గొంతు స్పష్టంగా వినిపించే ఏర్పాటు కూడా చాలా టీవీల్లో ఉంటుంది, అది ఆన్ చేయండి. మా నాన్నగారికి ఇలాగే చేశాక మాటలు అందుతున్నాయి.

పాత ఆపరేటర్ (ఆమదాలవలస)

నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రొజెక్టర్ గదిలో పనిచేశాను. కార్బన్ కడ్డీలు వెలిగించిన కాలం నుంచి చూశాను. రీలు ముగిసే ముందు తెరకు పైమూల గుండ్రటి చుక్క కనిపించగానే రెండో ప్రొజెక్టర్ అందుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే నేల టికెట్టు నుంచి కేకలు మొదలయ్యేవి. ఒక్కొక్క సినిమాను ఆ చిన్న కిటికీలో నుంచి వంద ఆటలు చూసినవాడిగా చెబుతున్నాను: మాయాబజార్‌తో మొదలుపెట్టండి బాబూ. అదీ నలుపు తెలుపు ప్రతితోనే.

2010లో రంగులు వేసి విడుదల చేశారు. శ్రమపడి చేశారు, కాదనను. మా మనవలు అదే చూసి సంతోషించారు. కానీ లాహిరి పాటలో ఆ నీళ్ళ మీది వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునూ నీడనూ తూకం వేసి పుట్టించినది. దాని మీద నీలం పూస్తే వెన్నెల ఉండదు, నీలమే ఉంటుంది. చూపు తిరిగొచ్చిన మనిషికి మొదట చూపించవలసింది వెన్నెల.

ఇంకో సంగతి. ఆట మొదలవుతుందనడానికి ఘంటసాల గారి వెంకటేశ్వరుడి పాట వేసేవాళ్ళం. అది వినబడగానే బయట బడ్డీ దగ్గర సోడా తాగుతున్నవాళ్ళు లోపలికి పరుగెత్తేవారు. మీరు కూడా ఆదివారం ముందుగా ఆ పాట పెట్టండి. అమ్మగారికి ఏమి గుర్తొస్తుందో చూడండి.

బొబ్బిలి వీణ (బొబ్బిలి)

ఆపరేటర్ గారూ, లాహిరి పేరెత్తారు కాబట్టి నేను ఆగలేను. ఆ బాణీ మన సాలూరి రాజేశ్వరరావు గారిది. మాయాబజార్‌కు నాలుగు పాటల బాణీలు ఆయన కట్టారు, ఆ తరువాత బాధ్యత ఘంటసాల గారికి వచ్చింది. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన మనిషి మల్లీశ్వరికీ మిస్సమ్మకూ సంగీతం ఇచ్చారంటే, ఆ పాటలు విన్నప్పుడల్లా మా ఇంటి మనిషి ఎదిగిన సంతోషం నాకు.

మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల లోపే గొల్లపల్లి. అక్కడ పనసకర్రను ఒకే దుంగగా తీసుకుని వీణ తొలుస్తారు. చిన్నప్పుడు నాన్న వెంట వెళ్ళి, పూర్తికాని వీణల మధ్య ఆ పొట్టు వాసనలో కూర్చునేదాన్ని. తరువాత ఎప్పుడో డాక్టర్ చక్రవర్తిలో సుశీలమ్మ పాడిన పాడమని నన్నడగవలెనా విన్నాను. బాణీ సాలూరు వారిది, గొంతు విజయనగరం వారిది. ఇప్పటికీ వంటింట్లో పనిచేసుకుంటూ ఉండగా రేడియోలో ఆ పాట వస్తే పొయ్యి తగ్గించి నిలబడతాను.

మాయాబజార్‌లోనే ఇంకొకటి గమనించండి. అహ నా పెళ్ళియంట పాటలో వినిపించే గొంతులు ఘంటసాల, సుశీల. ఇద్దరూ విజయనగరం సంగీత కళాశాల నీడలో నేర్చుకున్నవారే. 1919లో పెట్టిన ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఘంటసాల గారు ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మన వీధుల్లో మధూకరం ఎత్తుకుని చదువుకున్నారు. ఆయనకు అన్నం పెట్టిన ఇళ్ళలో ఏదో ఒకటి ఇప్పటికీ మీ వీధిలో ఉండవచ్చు అయ్యకోనేరు గారూ.

సుశీలమ్మ 17,695 పాటలకు 2016లో గిన్నిస్ గుర్తింపు ఇచ్చారు. అంకె గొప్పదే. నాకు మాత్రం ఆ ఒక్క పాటే ఎక్కువ.

మూడు లాంతర్లు

అక్కా, ఆ నాలుగు పాటల సంగతి నాకు తెలియదు. రాత్రి కూర్చుని మళ్ళీ విన్నాను. ధన్యవాదాలు.

అయితే బొబ్బిలివారు కనిపించారు కాబట్టి ఒక మాట అడగాలని ఉంది. 1964 నాటి బొబ్బిలి యుద్ధం సినిమాలో మా విజయరామరాజును రాజనాల చేత వేయించి పూర్తి దుర్మార్గుడిగా నిలబెట్టారు. చిన్నప్పుడు విజయనగరంలో ఆ సినిమా చూస్తూ, మా కోటలోని రాజు చచ్చిపోతుంటే మావాళ్ళే చప్పట్లు కొట్టడం నాకు అర్థం కాలేదు.

బొబ్బిలి వీణ

తమ్ముడూ, 1757 జనవరి 24న మా బొబ్బిలి కోటలో జరిగినదాన్ని మా వైపు ఇప్పటికీ ఇళ్ళలో చెప్పుకుంటారు. మల్లమ్మదేవిగా భానుమతిని, పాపారాయుడిగా ఎస్వీ రంగారావును చూస్తే మాకు కన్నీళ్ళు ఆగవు. అది న్యాయంగా తీసిన చరిత్ర అని నేను అనను. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు లేకపోతే ఆ యుద్ధం మన రెండు ఊళ్ళ మధ్య తగవుగానే మిగిలేది. దాన్ని లోతుగా చూపించే సినిమా ఇంకా రాలేదు. వస్తే విజయరామరాజు గారి పక్షం కూడా చూడటానికి నేను సిద్ధమే.

రణస్థలం మాస్టారు

మీ అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. అయ్యకోనేరు గారికి నేను చెప్పేది ఒకటే సినిమా, కన్యాశుల్కం. 1955, పి. పుల్లయ్య గారు తీశారు. దాని మీద నాకు చాలా ఫిర్యాదులు ఉన్నాయి, అయినా చూపించమంటాను.

మొదటి ఫిర్యాదు గిరీశం. రామారావు గారి అందం ఆ పాత్రకు ఎక్కువైంది. నాటకం చదివినప్పుడు ఆ మనిషి మాటలకు నవ్వుతూనే లోపల అసహ్యించుకుంటాం. తెర మీద ఆ ముఖం చూస్తే క్షమించేస్తాం. గురజాడ క్షమించలేదు. నేను విజయనగరంలో చదువుకునే రోజుల్లో జేవీ సోదరుల నాటకం చూశాను. రమణమూర్తి గారు గిరీశం, సోమయాజులు గారు రామప్పంతులు. ఆ రాత్రి ఇంటికి నడిచి వస్తుంటే, నాటకం మొదట్లో గిరీశం కనిపించే బొంకుల దిబ్బ దగ్గర నిజంగానే ఎవరో చుట్ట కాల్చుకుంటూ ఎదురవుతారేమో అనిపించింది. ఆ సోమయాజులు గారే మన శ్రీకాకుళం జిల్లా లుకలాంలో పుట్టి, రెవెన్యూ ఉద్యోగం చేసి, యాభై దాటాక శంకరాభరణంలో శంకరశాస్త్రి అయ్యారు. చాలామంది ఆయన్ను ఆ ఒక్క పాత్రతోనే గుర్తుపెట్టుకున్నారు. ఆయన రామప్పంతులును చూడనివారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది.

ఇక సినిమాలో నిలిచేవి: మధురవాణిగా సావిత్రి, రామప్పంతులుగా సీయస్సార్, లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు, అన్నిటికంటే బాల వితంతువు బుచ్చమ్మగా షావుకారు జానకి. బుచ్చమ్మకు మాటలు తక్కువ. తల వంచుకుని వింటూ ఉంటుంది. ఆ వినడంలోనే అంతా ఉంది.

1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన నాటకం ఇది. ఈ ప్రాంతపు ఆడపిల్లలకు జరిగిన అన్యాయాన్ని ఈ ప్రాంతపు మాటల్లోనే రాశారు. మీ అమ్మగారి తల్లి తరానికి అది కథ కాదు.

కాశీబుగ్గ కుర్రాడు

మాస్టారూ, మన మాటల గురించి అన్నారు కాబట్టి నేనూ చెబుతాను. నేను పెరిగేటప్పుడు సినిమాల్లో మా యాస వినిపించిందంటే వచ్చినవాడు పనివాడో, అమాయకుడో అని ముందే తెలిసిపోయేది. విశాఖలో కాలేజీలో చేరినప్పుడు నేను నోరు విప్పగానే పక్కబెంచీ వాళ్ళు ఒక హాస్యనటుడి పేరు పెట్టి పిలిచారు. మొదటి సంవత్సరమంతా తక్కువ మాట్లాడాను.

2020లో లాక్‌డౌన్‌కు కొద్ది రోజుల ముందు పలాస 1978 వచ్చింది. కథానాయకుడు మా యాసలో ప్రేమించాడు, కోపగించుకున్నాడు, ఏడ్చాడు. థియేటర్లో ఎవరూ నవ్వలేదు. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పనిచేసింది. పిక్క కొట్టినప్పుడు చిమ్మే జీడి చేతులకు తగిలి చర్మం నల్లగా కాలి లేచిపోతుంది. చేతులకు నూనె రాసుకుని, బూడిద పట్టించుకుని కూర్చునేవారు. తెర మీద ఆ ఊరు కనిపించగానే అమ్మ నా చేయి పట్టుకుంది, సినిమా అయ్యేదాకా వదల్లేదు.

రెండో సగంలో నరుకుడు ఎక్కువైంది, అది నాకూ నచ్చలేదు. మీ అమ్మగారికి కళ్ళు ఇంకా కొత్త కాబట్టి దీన్ని ఇప్పుడే చూపించవద్దు. ఆ సినిమాలో రఘు కుంచె చేసిన జానపదాలు మాత్రం వినిపించండి.

కళింగపట్నం కెరటం

నేను సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళ ఇంటి పిల్లను. తండేల్ సినిమా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మా మామయ్యలు ఏటా ఆగస్టు వచ్చేసరికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళిపోతారు. మన శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, కానీ పెద్ద బోటు నిలబెట్టే రేవు లేక పరాయి సముద్రంలో కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో మనవాళ్ళను పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారని తెలిసిన రోజు మా వీధిలో పొయ్యి వెలగలేదు. మావాళ్ళు వేరే బోటులో ఉన్నారని తెలియడానికి రెండు రోజులు పట్టింది. పట్టుబడినవాళ్ళు 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు.

ఆ ఘటన మీద తీసిన ఈ సినిమాలో జైలు భాగం నాకు అతికినట్టు లేదు. అక్కడ నినాదాలు ఎక్కువ, భయం తక్కువ. కానీ సాయిపల్లవి ఫోను కోసం ఎదురుచూసే ఘట్టాలు నిజం. ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. మా అత్తయ్య తొమ్మిది నెలలు అలాగే బతుకుతుంది, ఏటా. ఇంతవరకూ సముద్రం మీద తీసిన మన సినిమాల్లో మగవాళ్ళు చేపలు పట్టడమే చూశాం. ఒడ్డున నిలబడినవాళ్ళను చూపించిందని నాకు ఇది ఇష్టం. అమ్మగారికి తప్పక చూపించండి అన్నయ్యా.

పాత ఆపరేటర్

తల్లీ, నీ మాటలు చదివాక ఆ సినిమా ఇవాళే చూస్తాను. నేను సెలవు తీసుకున్నాక వచ్చినవాటిని పట్టించుకోలేదు. అది నా తప్పే.

అయ్యకోనేరు గట్టు

ఆదివారం మాయాబజార్ చూశాం. నలుపు తెలుపులోనే. ఆపరేటర్ గారు చెప్పినట్టు ముందు ఘంటసాల పాట పెట్టాను. వంటింట్లో ఉన్న అమ్మ "టికెట్లు తీసుకున్నారా?" అని అడుగుతూ వచ్చి కూర్చుంది.

లాహిరి పాట వచ్చినప్పుడు ఏమీ మాట్లాడలేదు. అయిపోయాక ఇంకోసారి పెట్టమంది. నేను బొబ్బిలి అక్కగారు చెప్పినది చెప్పాను. "సాలూరా!" అంది, అంతే. ఘటోత్కచుడు వచ్చిన దగ్గర నుంచి మా అమ్మాయి కూడా ఫోను పక్కన పెట్టేసింది. రంగారావు గారు శశిరేఖగా మారిన తరువాత సావిత్రి నడకలో ఆయన నడక కనిపిస్తోందని మా అమ్మాయే మాకు చూపించింది. అమ్మ చాలా సంతోషించింది.

టీవీ సెట్టింగు మార్చాను మూడు లాంతర్లు గారూ. మాట స్పష్టంగా వస్తోంది.

వచ్చే వారం మాస్టారు చెప్పిన కన్యాశుల్కం.

మూడు లాంతర్లు

అది అయ్యాక కేరాఫ్ కంచరపాలెం పెట్టండి. 2018లో వచ్చింది. విశాఖలోని ఆ పేటలో ఉండే మామూలు మనుషులతోనే ఎక్కువ భాగం తీశారు. నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా పెళ్ళికాని అటెండరు రాజు, ఆ ఆఫీసుకు అధికారిగా వచ్చిన రాధ. ఆవిడ భర్త పోయినావిడ, ఎదిగిన కూతురు ఉంది. మాస్టారు బుచ్చమ్మ గురించి రాసినది చదివినప్పటి నుంచి నాకు ఈ రాధ గుర్తొస్తోంది. చివరి మలుపు మాత్రం ఎవరూ ఇక్కడ రాయవద్దని ప్రార్థన. అమ్మగారు దాన్ని తన కళ్ళతోనే చూడాలి.

అయ్యకోనేరు గట్టు

మాస్టారూ, కన్యాశుల్కం సగంలో ఆగింది. ఏమి జరిగిందో రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

బుచ్చమ్మ కనిపించినప్పటి నుంచి అమ్మ ముందుకు వంగి చూస్తోంది. కళ్ళు నొప్పి పెడుతున్నాయేమోనని అడిగాను. కాదంది. కాసేపటికి టీవీ ఆపమంది. "మా పెద్దత్త ఇలాగే వినేది" అంది.

మాకు ఆ పెద్దత్త ఎవరో తెలియదు. మా తాతగారికి అక్క ఉందని కూడా నేను వినలేదు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారట, పదో ఏట భర్త పోయాడట. అమ్మకు ఊహ తెలిసేసరికి ఆవిడకు అరవై దగ్గర పడ్డాయి. నార చీర, బోడి తల, వెనక వసారాలో ఒక చాప. ఇంట్లో అప్పడాలు, వడియాలు, పిల్లలకు స్నానాలు అన్నీ ఆవిడే.

ఇంటిల్లిపాదీ లవకుశకు వెళ్ళారని నేను మొదట రాశాను కదా. అమ్మ ఎప్పుడూ అలాగే చెప్పేది. నిజానికి పెద్దత్త వెళ్ళలేదు. ఆవిడ సినిమాకు రావడమన్న ప్రశ్నే ఎవరికీ తట్టలేదట. బండి కదిలేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, అమ్మతో "అన్నీ చూసి వచ్చి నాకు చెప్పు" అంది. ఆ రాత్రి తిరిగొచ్చేసరికి చాలా పొద్దుపోయింది. అందరూ పడుకున్నాక అమ్మ వెనక వసారాలో చాప మీద కూర్చుని కథంతా చెప్పింది. పాటలు గొంతు తగ్గించి పాడింది. సీతమ్మ చీర ఏ రంగు, లవుడు ఎటు నిలబడ్డాడు, కుశుడు ఎటు నిలబడ్డాడు, అన్నీ ఆవిడ అడిగిందట. ఆ తరువాత ఏ సినిమా చూసి వచ్చినా అమ్మకు అదే పని. ఆవిడ పోయేదాకా.

"అందుకే నాకు అన్నీ గుర్తుంటాయి రా. ఎవరికో చెప్పాలని చూసేదాన్ని" అంది అమ్మ.

మిగతా సగం వచ్చే ఆదివారం చూస్తానంది. కంచరపాలెం ఆ తరువాత. రాధ సంగతి చెప్పాను, చూడాలని ఉందంది.

రణస్థలం మాస్టారు

నాయనా, ముప్పై నాలుగేళ్ళు ఆ నాటకం పిల్లలకు పాఠం చెప్పాను. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

బొబ్బిలి వీణ

ఆ పెద్దత్త గారి పేరేమిటి?

అయ్యకోనేరు గట్టు

అడిగాను అక్కా. అమ్మకు తెలియదు. ఇంట్లో పెద్దలు అక్కయ్య అనేవారట, పిల్లలు పెద్దత్త అనేవారు. పేరు పెట్టి పిలవడం ఎవరి నోటా వినలేదంది. రాజాంలో అమ్మ పినతల్లి ఉన్నారు, తొంభై దాటాయి, జ్ఞాపకం బాగానే ఉంది. రేపు పొద్దున్న బస్సుకు అమ్మా నేనూ వెళ్తున్నాం.